లిటరరీ థియరీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి: ‘దిద్దుబాటు’ కథ ముందు పెట్టుకుని అంచెలంచెలుగా

లిటరరీ థియరీ నేర్చుకుందామని కూర్చున్నవాళ్ళు చాలామంది ఒక లావుపాటి పుస్తకం తెరిచి స్ట్రక్చరలిజం, డీకన్‌స్ట్రక్షన్, మార్క్సిజం, ఫెమినిజం అని వరసగా చాప్టర్లు చదివేసి, చాప్టర్‌కి నలుగురు ఫ్రెంచివాళ్ళ పేర్లు నోట్స్ రాసుకుంటారు. ఆ తర్వాత ఒక కథ చేతిలో పెట్టి దీని గురించి చెప్పు అంటే మాత్రం నోరు పెగలదు. ఎంఏ తెలుగు పిల్లలు, ఇంగ్లీషు లిటరేచర్ పిల్లలు, యూజీసీ నెట్ ఎగ్జామ్‌కి ప్రిపేరయ్యేవాళ్ళు, ఊరికే ఇష్టంకొద్దీ చదివేవాళ్ళు, అందరికీ ఇదే ఇబ్బంది. అందుకే నేను దీన్ని తిరగేసి చెప్తాను. ముందు ఒక కథ తీసుకుందాం, దాన్ని ప్రశ్నలు అడుగుదాం, ఏ ప్రశ్న ఎవరు గట్టిగా అడిగారో అక్కడ ఆ పేరు చెప్పుకుందాం. నా దృష్టిలో ఒక్కో థియరీ అంటే టెక్స్ట్‌ని అడిగే ఒక్కో ప్రశ్న, అంతే. ప్రశ్న ఎంత గొప్పదైనా దాని జవాబుకి ఆధారం మాత్రం కథలో ఏదో ఒక వాక్యంలో దొరకాలి. ఇది ఒక్కటి గట్టిగా పట్టుకోండి, మిగతా అంతా దీని చుట్టూనే.

కథ గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. నాలుగైదు పేజీలకి మించదు, కాపీరైట్ ఎప్పుడో పోయింది కాబట్టి నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. ముందు వెళ్ళి అది చదివి రండి, పావుగంట చాలు. చదవకుండా కింద రాసింది చదివితే నా మాట నమ్మడం తప్ప మీకు వేరే దారి ఉండదు, థియరీలో అది అసలు పనికిరాని అలవాటు.

చదివి చాలా రోజులైనవాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. గోపాలరావు చదువుకున్నవాడు, సంస్కరణల మనిషి, నాచ్ పార్టీలకి (సానుల ఆటపాటలకి) వ్యతిరేకం. ఆ మనిషే సాని పాట విని రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చి “తలుపు! తలుపు!” అంటాడు. లోపల భార్య కమలిని కనపడదు. నౌకరు రాముణ్ణి లేపి అడిగితే వాడికీ తెలీదంటాడు. ఉత్తరం ఒకటి దొరుకుతుంది, పుట్టింటికి పోతున్నానని. గోపాలరావు కంగారుపడి, బుద్ధొచ్చిందని ఒప్పుకుని, ఆవిణ్ణి బతిమాలి తీసుకురమ్మని రాముడికి పది రూపాయలు ఆశ పెట్టి, అక్కడ ఏం చెప్పాలో నేర్పిస్తుంటాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. కథ అయిపోయింది.

మొదటి అంచె: రెండుసార్లు చదవండి, రెండూ రాసుకోండి

మొదటిసారి చదివినప్పుడు ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ గోపాలరావు మీద జాలేసింది, ఎక్కడ విసుగొచ్చింది, పెన్సిల్‌తో పక్కన గీసుకోండి. థియరీ ఏమీ వద్దు. వెంటనే మళ్ళీ మొదటి లైన్ నుంచి చదవండి. ఇప్పుడు మీకు కమలిని మంచం కింద ఉందని తెలుసు.

ఒక్క అక్షరం కూడా మారలేదు కానీ కథ మొత్తం మారిపోయింది చూడండి. మొదటిసారి గోపాలరావు, రాముడు గదిలో మాట్లాడుకుంటుంటే అది ఇద్దరు మగవాళ్ళ సంభాషణ. రెండోసారి అది ముగ్గురున్న గది, మూడో మనిషి వింటోంది, ఆవిడకి వినపడాలనే ఆవిడ పెట్టించిన సీన్ అది. గోపాలరావు ప్రతి మాటా అతనికి తెలియకుండానే భార్యకి చెప్తున్న మాట అయిపోయింది. “నా ప్రాప్తం, బుద్ధి గడ్డి తింది” అనే ధోరణిలో అతను ఏడుస్తుంటే మొదటిసారి మనకి జాలి, రెండోసారి పెదాల మీద నవ్వు.

మరి అర్థం ఎక్కడుంది? పేజీ మీదే మొత్తం ఉంటే రెండుసార్లూ ఒకటే రావాలి కదా. మన బుర్రలోనే ఉంటే ఒక్కొక్కళ్ళకి ఒక్కో కథ అయిపోవాలి, అలా కూడా అవ్వలేదు, ఇప్పుడు నేను చెప్పిన మార్పు మీరు కూడా చూశారు. అంటే టెక్స్ట్ కొన్ని గుర్తులు ఇస్తుంది, కొన్ని ఖాళీలు వదుల్తుంది, మనం వాటిని కలుపుతాం. జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ 1970లలో ఇదే పట్టుకున్నాడు. పాఠకుడు నింపే ఖాళీల్లోనే కథ జరుగుతుంది అని, ఆ ఖాళీలు ఎక్కడ పెట్టాలో మాత్రం టెక్స్టే నిర్ణయిస్తుంది అని.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఖాళీ రాముడు. వాడికి ముందే తెలుసా? కమలినితో కలిసి ఆడుతున్నాడా, నిజంగానే నిద్రపోయి లేచాడా? కథ చెప్పదు. తెలుసు అనుకుని ఒకసారి, తెలీదు అనుకుని ఒకసారి వాడి డైలాగులు చదవండి. తెలుసు అనుకుంటే, చివర్లో గోపాలరావు నేర్పిన మాటలు పక్కనపెట్టి వాడు అప్పజెప్పే సొంత పాఠం (ఆడవాళ్ళు యజమాని చెప్పినట్టు వినాలి, లేకపోతే అయ్యగారు సానిని ఉంచుకుంటారు, పట్నం నుంచి బంగారు బొమ్మలాంటి సాని వచ్చింది అంటాడే, అది) అమాయకత్వం కాదు, మంచం కింద ఉన్న అమ్మగారికి యజమాని గుట్టు అందించడం. నవ్వు సరిగ్గా ఆ మాట తర్వాతే వస్తుంది, అది గమనించండి. ఏది కరెక్ట్ అని తేల్చెయ్యకండి, రెండింటికీ ఆధారాలు రాసుకోండి.

రెండో అంచె: ఒక్క మాట దగ్గర ఆగండి

ఇక్కడ ఫ్రాన్స్ వెళ్ళక్కర్లేదు, మన అలంకారశాస్త్రం చాలు. మాటకి మూడు పనులున్నాయి అన్నారు మనవాళ్ళు. అభిధ అంటే నిఘంటువులో ఉన్న అర్థం. లక్షణ అంటే ఆ అర్థం అక్కడ పొసగక పక్కదానికి జరగడం, ‘గంగలో గొల్లపల్లె’ అంటే నీళ్ళలో ఊరు ఉండదు కాబట్టి ఒడ్డున అని అర్థం చేసుకుంటాం, శాస్త్రంలో ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణే ఇది. వ్యంజన అంటే ఆ రెండూ అయిపోయాక కూడా మిగిలి మోగేది. అదే గంగ ఉదాహరణలో ఒడ్డున అని ఊరుకోకుండా గంగలో అని ఎందుకన్నాడు, ఆ చల్లదనం, ఆ పవిత్రత తగలాలని. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీర్‌లో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ మోగేదానికి ధ్వని అని పేరు పెట్టి, అదే కావ్యానికి ఆత్మ అన్నాడు.

మమ్మటుడు కావ్యప్రకాశంలో ఒక చిన్న వాక్యం తీసుకుంటాడు, సూర్యుడు అస్తమించాడు అని. అంతే వాక్యం. పశువుల కాపరి అంటే మందని ఇంటికి తోలమని, పనివాళ్ళలో ఒకడంటే ఇవాళ్టికి పని ఆపుదామని, ప్రేమికుల మధ్య కబుర్లు మోసే దూతిక అంటే ప్రియుడి దగ్గరికి బయల్దేరే టైమైందని, ఇలా మనిషి మారినకొద్దీ అర్థం మారుతుంది. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ చోట, ఏ వేళ, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ చూడకుండా వాక్యానికి అర్థం చెప్పలేం అని వాళ్ళు లిస్టు కూడా వేశారు. పక్కన ఎవరున్నారు అనేది కూడా ఆ లిస్టులో ఉందంటే, మంచం కింద ఉన్న మనిషి సంగతి ఆలోచించండి.

ఇప్పుడు కథలోకి రండి. కమలిని ఉత్తరం ‘అయ్యా’ అని మొదలవుతుంది. గోపాలరావు ఆ మాట దగ్గరే ఆగిపోతాడు, ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ దగ్గరికి వచ్చిందా అని గింజుకుంటాడు. ‘అయ్యా’ అనేదాన్లో కోపం లేదు, నిజానికి అది మర్యాద. కానీ ఆ చోట అది చెంపదెబ్బలా తగిలింది. ఎందుకు? రోజూ ఆ చోట వేరే మాట ఉండేది కాబట్టి. స్విట్జర్లాండ్‌లో ఫెర్డినాండ్ డి సొస్యూర్ భాషాశాస్త్రం పాఠాల్లో చెప్పింది ఇదే (ఆయన 1913లో పోయాక ఆయన పాఠాలని విద్యార్థుల నోట్సుల నుంచి కూర్చి 1916లో పుస్తకం వేశారు). మాటకి దాని అర్థం సొంతంగా అతుక్కుని ఉండదు, మిగతా మాటలతో ఉన్న తేడా వల్లే దానికి విలువ అని. ‘ప్రియా’ని ఊహించుకోకపోతే ‘అయ్యా’కి కోపం లేదు. రాని మాట వచ్చిన మాటకి అర్థం ఇస్తోంది.

ధ్వనివాళ్ళు, సొస్యూర్ ఒకటే చెప్పారని నేను అనట్లేదు. ఒకళ్ళు సందర్భం వైపు నుంచి, ఇంకొకళ్ళు భాష అనే మొత్తం వ్యవస్థ వైపు నుంచి వచ్చారు. కానీ ఒకే చిన్న మాట మీద రెండు ప్రశ్నలూ పెట్టి చూస్తే రెండూ పనిచేస్తాయి, ఆ అనుభవం మీకు కలగాలి. అందుకే ప్రాక్టీస్‌కి కథలో మీకు నచ్చిన మూడు లైన్లు తీసుకుని పేపర్ మీద మూడు గడులు గీయండి. మాట ఏం చెప్తోంది, ఏం మోగుతోంది, దీని బదులు ఇంకే మాట రావచ్చు. మూడో గడి మాత్రం తప్పకుండా నింపండి, చదివే కన్ను తయారయ్యేది అక్కడే.

మూడో అంచె: ఎవరు చెప్తున్నారు, ఎవరి కళ్ళతో చూస్తున్నాం

కథ చెప్పే గొంతు గురజాడ కాదు. ఇది అందరూ తల ఊపి మళ్ళీ మర్చిపోయే విషయం. ఆ గొంతు గురజాడ తయారుచేసిన ఒక మనిషి, వాడిని కథకుడు అందాం. ఫ్రాన్స్‌లో జెరార్డ్ జెనెట్ 1972లో ఇంకో అడుగు ముందుకేసి, ఎవరు చెప్తున్నారు అన్నదీ ఎవరు చూస్తున్నారు అన్నదీ వేరు వేరు ప్రశ్నలు అన్నాడు.

మన కథలో చెప్పేది కథకుడు, కానీ చూసేది మాత్రం ఎక్కువ భాగం గోపాలరావే. అతను ఏ గదిలోకి పోతే మనమూ ఆ గదిలోకి, అతనికి కనపడనిది మనకీ కనపడదు. కెమెరా ఒక్కసారి మంచం కిందకి వంగితే కథ లేదు. ఆ ఒక్క నిర్ణయం మీదే కథ మొత్తం నిలబడింది. మీరు ఒక పని చేయండి, ఇదే కథని కమలిని చూసినట్టు పది లైన్లలో రాయండి. ఆవిడకి కనిపించేది రెండు జతల కాళ్ళు. సస్పెన్స్ పోతుంది, ఇంకేదో వస్తుంది, ఏది వచ్చిందో గమనించండి.

కథకుడిని నమ్మొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో నమ్మదగని కథకుడు అనే ఆలోచనని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ‘దిద్దుబాటు’లో ఒక చోట చూడండి. నిద్రమత్తులో సరిగ్గా జవాబు చెప్పలేదని గోపాలరావు రాముణ్ణి కొడతాడు, వాడు కింద పడతాడు. ఆ వెంటనే కథకుడు గోపాలరావు దయగల మనిషి అంటాడు, తప్పు చేశానని లేవనెత్తి వీపు నిమిరాడంటాడు. దెబ్బ, సర్టిఫికెట్, రెండూ పక్కపక్కనే. కథకుడు నిజంగానే మెచ్చుకుంటున్నాడా, ఎత్తిపొడుస్తున్నాడా? నాకైతే ఎత్తిపొడుపుగానే వినిపిస్తుంది, ఎందుకంటే కథ మొత్తం ఇదే పద్ధతి, ఈ మనిషి చెప్పేదీ చేసేదీ ఒకటి కావు, వాటిని పక్కపక్కన పెట్టి కథకుడు నోరు మూసుకుంటాడు. మీకు అలా అనిపించకపోతే మీ ఆధారం చూపించండి.

గొంతుల సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి రష్యాలో మిఖాయిల్ బాఖ్తిన్‌ని కూడా ఇక్కడే తలుచుకోవాలి. మంచి కథనంలో ఒక్క భాష ఉండదు, రకరకాల మనుషుల రకరకాల భాషలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి అన్నాడు. గోపాలరావు భాషలో పార్వతీపరమేశ్వరులూ ఉంటారు, ఇంగ్లీషువాళ్ళ ‘బెటర్ హాఫ్’ కూడా ఉంటుంది, ఒకే ఊపిరిలో. రాముడిది ఉత్తరాంధ్ర పలుకు. కమలిని మనకి నోటితో ఒక్క మాట కూడా మాట్లాడదు, ఆవిడ దగ్గరున్నది రాసిన భాష, పద్ధతిగా చదువుకున్న భాష, ఆ తర్వాత ఒక నవ్వు. మూడు భాషల్లో ఎవరిది గెలిచింది?

నాలుగో అంచె: జంటలు గీయండి, ఆ తర్వాత గీత ఎక్కడ చెరిగిందో వెతకండి

కథలో ఎదురెదురుగా నిలబడే జంటలు రాసుకోండి. ఇల్లు, బయట. భార్య, సాని. మీటింగ్, పాట. చదువు, మోటుతనం. నిజం, అబద్ధం. చెప్పడం, చెయ్యడం. కథల వెనకున్న నిర్మాణాన్ని వెతికే స్ట్రక్చరలిస్టులు ఇలాంటి జంటల మీదే కథ ఎముకల గూడు నిలబడుతుంది అంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి ఇది చాలా మంచి ఎక్సర్‌సైజ్, కానీ చాలామంది ఇక్కడే ఆగిపోయి టేబుల్ గీసి అయిపోయిందంటారు. అసలు మజా ఆ తర్వాత ఉంది.

నిజం, అబద్ధం జంట తీసుకోండి. ఉత్తరంలో కమలిని వాదన మొత్తం అబద్ధాల మీద. మీటింగులకి పోతున్నానన్నారు, లోకహితం కోసం నిద్ర మానుతున్నానన్నారు, స్నేహితురాళ్ళ వల్ల నిజం తెలిసింది, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది, నేను పుట్టింట్లో ఉంటే మీ స్వేచ్ఛకి అడ్డూ ఉండదు, అబద్ధానికి అవకాశమూ ఉండదు, అదీ వరస. ఎంత గట్టి ఉత్తరమో. కానీ ఆవిడ పుట్టింటికి వెళ్ళలేదు! అబద్ధాన్ని నిలదీసిన ఉత్తరమే ఒక అబద్ధం. నిజం వైపు నిలబడ్డ మనిషి అబద్ధంతోనే నిజం రాబట్టింది. అలాగే పాటకచేరీకి, నాటకానికి ఎడంగా ఉండాల్సిన ఇంట్లోనే ఆవిడ ఒక నాటకం వేయించింది, వినోదాల మీద మోజున్న భర్త అందులో వేషగాడు, తను ప్రేక్షకురాలు.

ఫ్రెంచి తత్వవేత్త జాక్ డెరిడా 1967లో వేసిన పుస్తకాల నుంచి డీకన్‌స్ట్రక్షన్ అనే మాట ప్రపంచమంతా పాకింది, దాన్ని చాలామంది టెక్స్ట్‌ని ముక్కలు చేసి అర్థం లేదని తేల్చడం అనుకుంటారు. అది కాదు. టెక్స్ట్ తనే గీసిన గీతని తనే ఎక్కడ దాటుతోందో ఓపిగ్గా చూపించడం. పైన మనం చేసింది సరిగ్గా అదే, ఒక్క కొత్త పారిభాషిక పదం కూడా వాడకుండా. దీనివల్ల కథ విలువ తగ్గిందా? నాకు పెరిగింది. నీతి చెప్పే కథ అనుకున్నది నీతి ఎంత మెలికలతో వస్తుందో చూపించే కథ అయింది.

ఐదో అంచె: రచయితని ఎక్కడ కూర్చోబెట్టాలి

మన క్లాసుల్లో జరిగేది ఇది. గురజాడ సంఘసంస్కర్త, కాబట్టి కథ సంఘసంస్కరణ కథ, కాబట్టి ఇందులో గోపాలరావు సంస్కరింపబడ్డాడు. కథ తెరవకుండానే జవాబు వచ్చేసింది చూడండి, అదే నాకు అభ్యంతరం.

అమెరికాలో విమ్సాట్, బియర్డ్‌స్లీ 1946లో రాసిన వ్యాసంలో, రచయిత ఏమనుకుని రాశాడు అన్నది కొలబద్ద కాదు, అది మనకి దొరికేదీ కాదు, అవసరమూ కాదు అన్నారు. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాండ్ బార్త్ ఇంకా గట్టిగా, పాఠకుడు పుట్టాలంటే రచయిత చావాలి అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఫ్రాన్స్‌లోనే మిషెల్ ఫూకో అసలు రచయిత అనే పేరు సమాజంలో ఏం పని చేస్తుంది అని అడిగాడు. ఇవి మూడూ ఒకటే అనుకోకండి. మొదటిది విమర్శ పద్ధతి గురించి, రెండోది అర్థం మీద అధికారం గురించి, మూడోది పేరు వెనకున్న వ్యవస్థ గురించి.

నేను పాటించేది చాలా మామూలు పద్ధతి. రచయిత గురించి తెలిసినదాన్ని సాక్షిగా పిలుస్తాను, జడ్జి కుర్చీలో కూర్చోబెట్టను. గురజాడ 1897లో ‘కన్యాశుల్కం’ మొదటి ముద్రణకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో సంస్కరణ గురించి చెప్పారు, అది తెలిస్తే మంచిదే. కానీ 1910 కథలో కొట్టి దయచూపించే సంస్కర్త ఉన్నాడంటే ఆ ముందుమాట దాన్ని చెరిపెయ్యలేదు.

ఆరో అంచె: కథలో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి, తొందరపడకండి.

స్త్రీవాద విమర్శ, మార్క్సిస్టు విమర్శ, దళిత విమర్శ, ఇవి తెలుగులో పుస్తకాల నుంచి దిగుమతి అయినవి మాత్రమే కాదు, ఉద్యమాల వేడిలోంచి వచ్చాయి. 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం), 1980ల తర్వాత స్త్రీవాద కవిత్వం, దళితుల్ని ఊచకోత కోసిన 1985 కారంచేడు, 1991 చుండూరు ఘటనల తర్వాత దళిత సాహిత్యం, ఇవన్నీ పాత టెక్స్టులని మళ్ళీ తెరిపించాయి. వాళ్ళు అడిగిన ప్రశ్నల్లో మొదటిది చాలా తేలిక. కథలో మనుషుల లిస్టు రాయి, పక్కన వాళ్ళ పేరు, పని, మాట్లాడే అవకాశం రాయి.

‘దిద్దుబాటు’కి రాయండి. గోపాలరావుకి పేరుంది, బోలెడన్ని మాటలున్నాయి. కమలినికి పేరుంది, ఉత్తరం ఉంది, నవ్వు ఉంది. రాముడికి పేరుంది, మాటలున్నాయి, దెబ్బ కూడా ఉంది. ఇంకొక మనిషి ఉంది. ఆవిడ వల్లే కథ మొదలైంది, ఆవిడ పాట వల్లే ఒంటిగంట అయింది. ఆ సానికి పేరు లేదు, మాట లేదు, మొహం లేదు. రాముడి నోట బంగారు బొమ్మ అని ఒక్క పోలిక దొరికింది, అది కూడా బొమ్మే. ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు భర్తని దిద్దుతారు, ఇంకొకరు ఆ దిద్దుబాటుకి కారణమైన తప్పుగా మాత్రమే మిగిలిపోతారు.

ఇప్పుడు పేజీ పక్కన అదే ఏడాది నుంచి ఇంకో పుస్తకం పెడదాం. 1980లలో స్టీఫెన్ గ్రీన్‌బ్లాట్ లాంటివాళ్ళు న్యూ హిస్టారిసిజం పేరుతో చేసింది ఇదే, సాహిత్యాన్ని దాని కాలంలోని వేరే రాతల పక్కన పెట్టి చదవడం. మద్రాసు ప్రెసిడెన్సీలో నాచ్ వ్యతిరేక ఉద్యమం 19వ శతాబ్దం చివర్లో ఊపందుకుంది, తెలుగువైపు కందుకూరి వీరేశలింగం దాన్ని గట్టిగా నడిపారు. గోపాలరావు ఆ గాలి పీల్చిన మనిషే. సరిగ్గా 1910లో, ‘దిద్దుబాటు’ అచ్చయిన సంవత్సరంలోనే, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ కావ్యాన్ని మళ్ళీ అచ్చు వేయించింది. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా ఆస్థానంలో ఉన్న కవయిత్రి, నాగరత్నమ్మ కూడా దేవదాసి కుటుంబం నుంచి వచ్చిన గాయని, ఆ కావ్యాన్ని కందుకూరి అసహ్యం అని తోసిపుచ్చారు, ఆవిడ ఆ మాటకి ఎదురు నిలబడి అచ్చు వేసింది. 1911లో ఇంగ్లీషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది, 1947లో గానీ నిషేధం పోలేదు. అదే 1947లో దేవదాసీ వ్యవస్థని రద్దు చేసే చట్టం మద్రాసులో వచ్చింది.

కాబట్టి సానికి మాట లేకపోవడం ఆ కాలానికి మామూలే అని తేల్చెయ్యలేం. బయట మాట్లాడేవాళ్ళు ఉన్నారు, చదివేవాళ్ళు, రాసేవాళ్ళు, అచ్చు వేసేవాళ్ళు ఉన్నారు. కథ ఆ గొంతుని లోపలికి రానివ్వలేదు. దీన్ని గురజాడ మీద నేరంగా మోపడం నా ఉద్దేశం కాదు (‘కన్యాశుల్కం’లో బోలెడన్ని మాటలున్న సాని మధురవాణిని చూసినవాళ్ళు అలా అనలేరు కూడా), కానీ ఈ కథ ఎవరి ఇంటిని దిద్దుతోంది, ఎవరిని గుమ్మం బయట వదిలేస్తోంది అన్నది అడగాల్సిన ప్రశ్నే.

రాముడి విషయంలో ఒక జాగ్రత్త. వాడి కులం ఇదీ అని చాలామంది వాడి పలుకుబడిని బట్టి ఊహించి వ్యాసాలు మొదలుపెడతారు. టెక్స్ట్ చెప్పనిది మీరు చెప్పకండి. దెబ్బ ఉంది, పది రూపాయల ఆశ ఉంది, ‘బాబూ’ అనే పిలుపు ఉంది, ఇవి చాలు అధికారం గురించి రాయడానికి. రాముడు లేకుండా ఈ దంపతుల మధ్య ఒక్క మాట కూడా అటునుంచి ఇటు పోదు అన్న విషయం మీదే ఒక మంచి వ్యాసం వస్తుంది.

ఇంకొక ప్రశ్న కథకి బయటిది, కానీ థియరీలో అది కూడా పెద్ద ప్రశ్నే. ‘దిద్దుబాటు’ని తొలి తెలుగు కథ అని ఎవరు తేల్చారు? భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లోనే వచ్చింది. అందులో కూడా తప్పుదారి పట్టిన భర్తని భార్యే మందలించి దారికి తెస్తుంది, పేదరికంలో యజమాని డబ్బు ముట్టుకున్న భర్త అతను. ఎనిమిదేళ్ళ ముందు, ఒక ఆడమనిషి రాసింది, దాదాపు అదే ఇరుసు. ఆధునిక కథ అంటే ఇలా ఉండాలి అని మనం ముందే ఒక కొలత పెట్టుకుని, దానికి సరిపోయిన దాన్ని తొలి కథ అన్నాం. ఆ కొలత ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడగడం కూడా థియరీయే. రెండు కథలూ పక్కపక్కన చదవండి, ఒకావిడ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది, ఇంకొకావిడ మంచం కింద దాక్కుని మాట్లాడిస్తుంది, ఈ తేడా దగ్గర ఎంతసేపు నిలబడ్డా సరిపోదు.

ఏడో అంచె: మీకు కలిగిన భావాన్ని లెక్కలోకి తీసుకోండి

ఇది చిన్నదే. విభావం (భావానికి కారణం), అనుభావం (అది బయటికి కనపడే చేష్ట), వ్యభిచారీ భావాలు (మధ్యలో వచ్చిపోయే భావాలు) కలిస్తే రసం పుడుతుందని నాట్యశాస్త్రం రాసిన భరతుడి సూత్రం. ఈ కథలో హాస్యం ఉందని అందరూ రాస్తారు, ఎలా పుట్టిందో రాయరు. మొదటి అంచెలో గీసుకున్న పెన్సిల్ గీతలు తియ్యండి. ఎక్కడ నవ్వారో అక్కడ ఏ మాట, ఏ చేష్ట, ఏ నిశ్శబ్దం ఉందో చూడండి. అలాగే మీరు నవ్వని చోట మీ అమ్మగారో అమ్మమ్మగారో నవ్వొచ్చు. అమెరికన్ విమర్శకుడు స్టాన్లీ ఫిష్ 1980లో దీనికి ఇచ్చిన వివరణ, మనం ఒంటరిగా చదవం, ఒకేలా చదవడం నేర్చుకున్న గుంపుల్లో భాగంగా చదువుతాం అని. గడియారం ఒంటిగంట కొడితే భయపడే గుంపు ఒకటి, అది మామూలు టైమే అనుకునే గుంపు ఒకటి. మీరు ఏ గుంపులో ఉన్నారో తెలుసుకుని రాస్తే రాత నిజాయితీగా ఉంటుంది.

ఎనిమిదో అంచె: ఒక పేరా రాయండి

వ్యాసం వద్దు, ఒక్క పేరా. పద్ధతి ఇది. ఒక వాక్యంలో మీ మాట చెప్పండి. కథలోంచి కనీసం రెండు చోట్లు చూపించండి. మీ మాటకి అడ్డొచ్చే చోటు ఒకటి మీరే వెతికి పెట్టండి. దానికి ఏమంటారో చెప్పి ఆపండి. థియరిస్టు పేరు అవసరమైతేనే, అది కూడా చివర్లో. నమూనాకి ఒకటి రాస్తాను.

‘దిద్దుబాటులో కమలిని గెలుపు ఆవిడ చదువు వల్ల వచ్చింది, ఆ చదువు మీద హక్కు తనదని గోపాలరావు అనుకుంటాడు. భార్య చదువుకోకపోతే ఎలా అని రాముడికి లెక్చర్ ఇచ్చేటప్పుడు అతని చేతిలో ఉన్నది ఆ చదువుతోనే రాసిన ఉత్తరం. అందులో ‘అయ్యా’ అనే పిలుపు, ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన వాదన, అతను నేర్పించిన భాషని అతని మీదే తిప్పాయి. కానీ కథ చివర్లో ఆవిడ నోట మాట కాదు, నవ్వు వినిపిస్తుంది, గాజులు వినిపిస్తాయి. ఉత్తరంలో ఉన్న మనిషిని కథ మళ్ళీ ముద్దొచ్చే ఇల్లాలిగా మార్చి భర్తకి అప్పగించిందా అన్న అనుమానం ఇక్కడ వస్తుంది. ఆ నవ్వు అప్పగింత కాదని నేను అనుకుంటున్నాను, అతను తన నోటితోనే ఇక ఎప్పుడూ సాని పాట వినను, రాత్రులు ఇల్లు కదలను అని ఖరారు చేసేదాకా ఆవిడ నవ్వలేదు.’

ఇందులో ఒక్క ఇజం పేరు కూడా లేదు, కానీ స్త్రీవాదం ఉంది, సొస్యూర్ ఉన్నాడు, కథనశాస్త్రం (మూడో అంచెలో చేసింది) ఉంది. ఎగ్జామ్ కోసం రాస్తుంటే పేర్లు తర్వాత చేర్చుకోవచ్చు, పది నిమిషాల పని.

మీరు రాసిన పేరాని ఈ కథ చదివిన ఇంకొకరికి ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. ప్రతి వాక్యం దగ్గరా, ఇది కథలో ఎక్కడుంది అని వాళ్ళని వేలు పెట్టి అడగమనండి. చూపించలేని వాక్యం కొట్టేసి, మిగిలినదాంతో రెండోసారి రాయండి, ఆ తర్వాత ‘ధన త్రయోదశి’ తెరిచి మొదటి అంచె నుంచి మొదలుపెట్టండి.